మైకు లేని డీజే

మా అల్లుడు సతీష్‌కు డీజే పిచ్చి పట్టింది ఎన్నూరులో కంటైనర్ యార్డు ఉద్యోగం పోయాక. ఎందుకు పోయిందప్పా అని అడిగితే "సెట్ కాలేదు మామా" అన్నాడు. వాడికి ఏదీ సెట్ కాదు. మా ఇంట్లో కుళాయి విప్పాడు. మళ్లీ బిగించడం సెట్ కాక గుడ్డ చుట్టి పెట్టాడు. ఆ గుడ్డ ఇప్పటికీ ఉంది.

సామాన్లు బండిలో వేసుకుని, పిలిచినవాళ్ల దగ్గరికి పోయి, చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టి రావడం ఆ వ్యాపారం. దానికి బండి కావాలి. బండి నాది. అందుకే నన్ను కలుపుకున్నాడు. లేకపోతే వాడు నాతో మాట్లాడే మనిషి కాదు. నేనూ కాదు.

నాది కుట్టియానై బండి, చిన్న సరుకుల ట్రక్కు. మాధవరం పాల కాలనీ చుట్టుపక్కల వీధుల్లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, అమ్ముతాను. నా భార్య మునెమ్మ పక్క సీట్లో కూర్చుని బేరం చూసుకునేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ సీట్లో ఇప్పుడు తక్కెడ ఉంటుంది.

బండి కేబిన్ మీద కోను స్పీకరు ఉంది. లోపల స్టీరింగు పక్కన చిన్న పెట్టె. ఎర్ర మీట నొక్కి పట్టుకుని పెట్టెలోకి మాట్లాడాలి. మీట వదిలితే మాట్లాడిందంతా కోనులో తిరిగి తిరిగి వస్తుంది. వేసేదానికీ ఆపేదానికీ పక్కన ఇంకో మీట. పెట్టెలో ఒక్కటే పడుతుంది. కొత్తది పడితే పాతది పోతుంది.

అందులో ఉన్నది మునెమ్మ గొంతు. "వెంగాయం అమ్మా వెంగాయం, పుదు వెంగాయం, వాసలుక్కే వందిరుక్కు" అని తమిళంలో అరుస్తుంది. కొత్త ఎర్రగడ్డలు వాకిట్లోకే వచ్చాయని. అది పడేటప్పుడు నేను పక్కనుంచి "ధర కూడా చెప్పవే" అన్నాను. దూరంగా ఉన్నాను కాబట్టి నా మాట పడలేదు. ఆమె జవాబు పడింది. "నువ్వు గమ్మునుండయ్యా, నాకు తెలీదా?" ఇది తెలుగులో. మీట వదిలేలోపల నోరు జారింది. మళ్లీ పలుకు అంటే, "బాగానే ఉండాదిలే" అంది. అప్పటినుంచి వీధి వీధికీ ఎర్రగడ్డలతోపాటు నాకు పడిన తిట్టు కూడా చేరుతోంది. పిల్లలు బండి వెనక పరుగెత్తుతూ ఆ చివరి మాట కోనుతో కలిసి అరుస్తారు. అరవపిల్లలు. అర్థం తెలియదు, రాగం తెలుసు.

కర్మాంతరాలు అయ్యాక బండి తీసి మీట వేశాను. వీధిలో ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. తరవాత అలవాటు పడ్డారు. ఎర్రగడ్డలు గీసి గీసి బేరమాడారు.

నా కూతురు జనని ఒక్కతే. ఒకనాడు ఆ గొంతును ఫోన్లో ఎక్కిస్తానంది. సరే అనేవాణ్ణే. పక్కన వీడు ఉన్నాడు.

"ఎక్కించు, ఎక్కించు. అత్త వాయిస్ కింద బీటు వేస్తే సెమగా, బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ గమ్మునుండయ్యా కాడ ఒక కట్ ఇస్తే జనం ఎగురుతారు మామా" అన్నాడు. అంటూ తొడ మీద తాళం వేసి చూపించాడు.

కేబిన్‌కు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఆనాటి నుంచి ఏ ఫోనునూ దాని దగ్గరికి రానివ్వలేదు. వీధిలో ఎవరైనా ఫోను పైకెత్తితే మీట ఆపేశాను.

జనని మాధవరంలో ఒక కల్యాణ మంటపం ఆఫీసులో పని చేస్తుంది. సతీష్‌కు మొదటి పిలుపు తెచ్చింది ఆమే. మా వీధి యతిరాజులు మనవరాలు వినోదినికి చెవులు కుట్టే వేడుక. మంటపం మేనేజరుకు, యతిరాజులుకు, ఇద్దరికీ తనే మాట ఇచ్చింది. మొగుడి పని చెడితే ముందు పోయేది తన మాట. అది ఆమెకు తెలుసు. నాకు తెలుసు. వాడికి తెలియదు.

సామాన్లు కొనేముందు రాత్రి అన్నాల దగ్గర మొగుడికి చెప్పింది. మొగుడితో ఆమె తమిళమే మాట్లాడుతుంది. నాతోనూ అంతే, ఈ మధ్య. "మొదట మంచి మైకు తీసుకో. తరవాత వైర్లు. తరవాత కరెంటు పోతే జనరేటరు. అవి లేకుండా ఏ ఫంక్షనూ నడవదు. పెద్ద బాక్సులు లేకపోయినా నడుస్తుంది."

"మైకా? మైకు పెట్టుకుంటే మైక్‌సెట్టోడు అంటారు. డీజే అనరు."

"అననీ."

"మైకు ఉంటే తాగినోళ్లంతా వచ్చి పాడతామంటారు. పెరుక్కోవాలంటే కొట్లాట. నీకు తెలీదులే."

"రోజూ మంటపంలో ఉండేది నేను. నాకు తెలీదా?"

నేను తల ఎత్తి చూశాను. ఆమె సాంబారు వడ్డిస్తోంది.

మరునాడు ముగ్గురం రిచ్చీ వీధికి పోయాం. ఆ వీధిలో కాలు పెట్టేచోట వైరో, ఎంగిలో, మనిషో ఉంటుంది. వాడు ఒక అంగట్లోకి దూరాడు. నల్ల పెట్టెలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వాడు వాటిని పెళ్లికూతురిని చూసినట్టు చూశాడు. చేత్తో నిమిరాడు. అంగటివాడు పాట పెట్టాడు. నా పంచె కొసలు కదిలాయి. గాలి లేదు.

"గుండె అదిరింది కదా మామా?"

"అదిరింది."

"అదే కావాల!"

"గుండె అదరగొట్టమని ఎవడన్నా ఇంటికి పిలుస్తాడా?"

అంగటివాడు నవ్వాడు. వాడికేం, అమ్ముకునేవాడు. రెండు బాసు పెట్టెలు, రెండు పై పెట్టెలు, ఒక యాంప్లిఫయరు, రెండు పళ్లేలు గిర్రున తిరిగే ఆట సామాను ఒకటి. ఆ పళ్లేల మీద వేళ్లు పెట్టి వాడు ముందుకూ వెనక్కూ గోకితే గోడ మీద పిల్లి గోకినట్టు చప్పుడు. దానికి కళ్లు మూసుకుని తల ఊపాడు. తిరిగే లైట్లు నాలుగు. జనని వైర్లు ఏరి పక్కన పెట్టింది. జనరేటరు అద్దెకు తెచ్చుకుందామంది. ఇక మిగిలిన డబ్బుకు ఒకటే వస్తుంది. చేతి మైకుల జతో, పొగ మిషనో.

అంగటివాడు పొగ మిషను వేసి చూపించాడు. తెల్లటి పొగ బుస్సుమని వచ్చింది. కాలిన బెల్లప్పాకం కంపు. నేను దగ్గుతూ బయటికి వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే పొగలో సతీష్ పళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఇదే. ఎంట్రీకి పొగ లేకపోతే గెత్తు ఏముంది, దర్జా ఏముంది?"

"సారె వస్తే పేరు ఎట్ల చెప్తావు?" అంది జనని.

"మంటపంలో మైకు ఉంటుంది కదా."

"ఉంటుంది. నీ దగ్గర లేదని ముందే చెప్పు వాళ్లకు."

"చెప్తాలే."

బండికి ఎక్కించేటప్పుడు వాడి కన్ను కోను మీద పడింది. "మామా, ఈ తుప్పు కోను పీకేస్తే పై పెట్టె కరెక్టుగా కూర్చుంటుంది. చూసేదానికీ బాగుంటుంది. ఇది ఉంటే ఎర్రగడ్డల బండి అని తెలిసిపోతుంది."

"ఎర్రగడ్డల బండే."

"లేదు మామా, డీజే బండి అంటే..."

"చెయ్యి పెట్టు. పెట్టి చూడు."

పెట్టలేదు. పై పెట్టె నా ఎర్రగడ్డల గోనెల మీద పడుకుని వచ్చింది.

వేడుక ఆదివారం ఉదయం. మంటపం వాకిట్లో ఫ్లెక్సీ. వినోదిని బొమ్మ చిన్నది, మేనమామ రంగనాథం బొమ్మ పెద్దది. నల్ల కళ్లద్దాలు, ఫోను చెవి దగ్గర, వెనక లారీలు. ఎన్నూరు రేవులో అతనికి లారీలున్నాయి. చెవులు కుట్టించుకునే పిల్లకన్నా లారీలే ఎక్కువ కనబడుతున్నాయి ఆ ఫ్లెక్సీలో.

సతీష్ నల్ల చొక్కా వేసుకున్నాడు. లోపల చీకటి లేదు, పట్టపగలు. అయినా లైట్లు తిప్పాడు. పెట్టెలు కొట్టడం మొదలయ్యాక అరిటాకుల మీద నీళ్లు వణికాయి. ఒక ముసలామె చెవుల్లో పత్తి పెట్టుకుంది. వడ్డించేవాళ్లు వేళ్లు చూపించి అడుగుతున్నారు, ఎన్ని ఇడ్లీలని. పిల్లను వేదిక మీద కూర్చోబెట్టగానే వాడు పొగ వదిలాడు. పిల్ల కెవ్వుమంది. తల్లి పొగలో పిల్లను వెతుక్కుంది. కంసాలి తన సూదీ దారం పళ్లెం ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సూపర్ కదా మామా?" అన్నాడు నా దగ్గరికి వచ్చి. అల్లుడు అనే మాట ఎందుకు పుట్టిందా అనుకున్నాను.

అప్పుడు వీధిలో తప్పెట్లు వినిపించాయి. మేనమామ సారె వస్తోంది. ఆడవాళ్ల చేతుల్లో పళ్లేలు. పండ్లు, చీరలు, పిల్లకు గౌన్లు, బొమ్మలు, ఒక పళ్లెంలో ఉత్త చాక్లెట్లు. ముందు రంగనాథం, పట్టు పంచె, మెళ్లో గొలుసు. గేటు దగ్గర ఆగాడు. ఆగి నిలబడ్డాడు.

పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటేనే చెవులు కుట్టేది. మేనమామ లోపలికి అడుగు పెట్టేముందు మైకులో పేరు చెప్పాలి. ఫలానా ఊరు, ఫలానావారు, సారె తెచ్చారు అని. ఎవరు పెట్టారో ఈ ఆచారం. పెట్టినవాడికి చేతి మైకు ఇచ్చి ఎండలో నిలబెట్టాలి.

యతిరాజులు లోపలి నుంచి పరుగెత్తుకు వచ్చాడు. "సతీషూ, మైకు! పేరు చెప్పు!"

సతీష్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు సతీష్ వైపు చూశాడు. అప్పుడు బయటపడింది. సామాన్లన్నీ తన దగ్గర ఉన్నాయి, మీ మైక్‌సెట్టు అక్కర్లేదు అని వీడు వారం కిందటే మేనేజరుకు గొప్పగా చెప్పాడు. మంటపం మైకువాడు సెట్టు ఎత్తుకుని చూలైలో చావింటికి పోయాడు.

సతీష్ ఫోను తీశాడు. యాంప్లిఫయరుకు తగిలించి ఫోన్లోకి మాట్లాడాడు. మాట రాలేదు. కూత వచ్చింది. పంది గొంతు కోసినట్టు. పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది. తప్పెట్లవాళ్లు ఆపేశారు.

యతిరాజులు గేటు దగ్గర నోటితోనే అరిచాడు. "ఎన్నూరు రంగనాథం వచ్చినారూ! రా తమ్ముడూ, లోపలికి రా!"

"నోటితో పిలిస్తే వచ్చేదానికి నేనేమన్నా కోడిపిల్లనా? బా బా అంటే వస్తానా?" అన్నాడు రంగనాథం. "మా చెల్లెలు పెండ్లిలో మైకులో మూడుసార్లు చెప్పినారు నా పేరు. దాని బిడ్డకు ఒక్కసారి చెప్పేదానికి మీకు గొంతు లేదా? ఇంత సౌండు పెట్టినారే, ఆడ ఎన్నూరుకు వినపడతా ఉండాది. నా పేరు చెప్పేదానికి మాత్రం మైకు లేదా?"

"ఉండాది తమ్ముడూ, వస్తాది..."

"యాడ ఉండాది? చూపించు."

పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. ఒకామె తన పళ్లెం పక్కామె పళ్లెం మీద ఆనించింది. రంగనాథం తలపాగా సవరించుకుని "పళ్లేలు కారులో పెట్టండి" అన్నాడు. లోపల అతని చెల్లెలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

జనని గేటు దగ్గరికి పోయింది. రెండు చేతులూ జోడించింది. "మామా, కొంచెం ఓపిక పట్టండి. తప్పు మాదే."

"నువ్వెవరమ్మా? ఆ పొగోడి పెండ్లామా?"

రంగనాథం వెనక ఉన్న మగవాళ్లు నవ్వారు. మేనేజరు ఆమె వెనక నిలబడి తమిళంలో అన్నాడు. "నిన్ను నమ్మి మా మైకువాణ్ణి పంపించేశాను. రేపు ఓనరు అడిగితే నిన్నే చూపిస్తాను." ఆమె చేతులు అట్లాగే జోడించి ఉన్నాయి. పొగోడు పెట్టెల వెనక వంగి వైర్లు వెతుకుతున్నాడు. దొరికేదేముంది అక్కడ.

నా కూతురు చేతులు జోడించింది ఎవరికి? మైకులో తన పేరు వినబడకపోతే మేనకోడలి చెవులు కూడా అక్కర్లేని మనిషికి. ఆ చేతులు చూడలేకపోయాను.

బండి గేటు పక్కనే ఉంది. మొలతాడు నుంచి తాళంచెవి విప్పాను. కేబిన్ తెరిచి పెట్టె మీట వేశాను. వేసీ వేయగానే మునెమ్మ అరిచింది.

"వెంగాయం అమ్మా వెంగాయం!"

వీధంతా తిరిగి చూసింది. రంగనాథం నోరు తెరిచాడు. "నువ్వు గమ్మునుండయ్యా, నాకు తెలీదా?" అనేసరికి జనం విరగబడి నవ్వారు. పళ్లేలవాళ్లు, తప్పెట్లవాళ్లు, మేనేజరు, అందరూ. రంగనాథం మొహం నల్లబడింది. ఆ తిట్టు తనకే అనుకున్నాడు. నవ్విన ఒక్కో మొహమూ నేను చూశాను. మా వీధివాళ్లూ ఉన్నారు అందులో. ఆమె చేతి తూకం తిన్నవాళ్లు.

జనని పరుగెత్తుకు వచ్చి కేబిన్ ఎక్కింది. పెట్టె వైపు చూసింది.

"మాట్లాడాలంటే ఎర్ర మీట నొక్కాలి అప్పా."

"తెలుసు."

"అమ్మది పోతుంది."

"తెలుసు. కానివ్వు."

ఇంకోసారి మునెమ్మ మొదటి నుంచి చివరిదాకా అరిచింది. జనని అది పూర్తయ్యేదాకా ఆగింది. తరవాత నొక్కింది.

మంచి గొంతు దానిది. నేనెప్పుడూ గమనించలేదు. తమిళంలో ఎత్తుకుంది. "ఎన్నూరు రేవు లారీల అధిపతి, దానశీలి, మా వినోదినికి మేనమామ, రంగనాథంగారు సారెతో విచ్చేస్తున్నారు. స్వాగతం, స్వాగతం." దానశీలి అనగానే నాకు ఒళ్లు మండింది. "లారీల గొడవ ఎందుకు? పేరు చాలదా?" అన్నాను దిగుతూ, బయటికి తిరిగి. అది నావైపు తిరక్కుండానే ఏదో అంది, మీట మీద వేలు అట్లాగే పెట్టుకుని. నేను వినలేదు. అప్పటికే దిగి రోడ్డు దాటుతున్నాను.

అవతల టీ అంగట్లో కూర్చున్నాను. కోను మొదలుపెట్టింది. తప్పెట్లు దాని మీద పడ్డాయి. లారీల అధిపతి, లారీల అధిపతి అని ముక్కలు ముక్కలుగా వినబడింది. రంగనాథం ఒకసారి విని లోపలికి పోలేదు. పళ్లేలన్నీ పోయేదాకా గేటు దగ్గరే ఛాతీ చాచి నిలబడి, ప్రతిసారీ దణ్ణం పెట్టాడు. చివరి పళ్లెం కూడా పోయాక ఒక్కడే నిలబడి ఇంకోసారి విన్నాడు. అప్పుడు పోయాడు మేనకోడలి దగ్గరికి.

టీలో చక్కెర ఎక్కువైంది. పారబోశాను.

పిల్ల చెవులు కుట్టారు. అందరూ తిన్నారు. మేనేజరు జననితో నవ్వుతూ మాట్లాడాడట. సామాన్లు ఎక్కించేటప్పుడు సతీష్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూశావా మామా, మైకు లేకుండానే ముగించినాం! జనానికి ఆ కోను ఎంత నచ్చిందో. ఇకమీద ఎంట్రీకి అదే వాడదాం. పాతకాలపు స్టైలు."

చెయ్యి తీయమన్నాను. తీశాడు. ఏం పోయిందో వాడికి ఇంటికి వచ్చేదాకా తెలియదు. జనని చెప్పాక తెలిసింది. రాత్రి నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సారీ మామా" అన్నాడు. నేను దీపం ఆర్పేశాను.

మరునాడు మామూలుగా ఎర్రగడ్డలు వేసుకుని బయలుదేరాను. పాల కాలనీ మలుపులో చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది.

"ఎన్నూరు రేవు లారీల అధిపతి, దానశీలి..."

ఆపబోయాను. వీధిలో అప్పటికే ఒకామె గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. "ఎవరు అన్నా ఈ రంగనాథం? ఎర్రగడ్డలు ఆయనవా?"

"అవును. లారీలు అమ్ముకుని ఎర్రగడ్డలు పట్టాడు" అన్నాను.

ఆమెకు తూకం వేస్తుండగా కోను చివరిదాకా పోయింది. స్వాగతం, స్వాగతం అంది. తరవాత ఒక్క ఊపిరి ఆగి, విసుగ్గా, తెలుగులో, "నువ్వు గమ్మునుండు నైనా" అంది.

చిన్నప్పుడు జనని నన్ను నైనా అనేది, మా తెలుగులో నాన్న. బడికి పోయాక అప్పా అయింది.

బేరానికి వచ్చినామె గిన్నె పట్టుకుని నిలబడింది. "ఇంకో రెండు గడ్డలు వెయ్యన్నా, తూకం కిందికే ఉంది" అంది. వేశాను.

సాయంత్రం సతీష్ మైకు కొనుక్కొచ్చాడు. రెండు. ఒకటి వాడు పట్టుకుని, ఒకటి నా ముందు పెట్టాడు. "మంచి రకం మామా. జనని చేత వెంగాయం అని మళ్లీ చెప్పిస్తాం. క్లియర్‌గా పడుతుంది." జనని వాకిట్లో నిలబడి నా మొహం చూస్తోంది.

"అక్కర్లేదు" అన్నాను. మైకు ఎత్తి కుళాయికి చుట్టిన గుడ్డ పక్కన పెట్టాను.

ఇప్పుడూ అదే తిరుగుతోంది బండి మీద. పిల్లలు రెండో రోజుకే కొత్త చివరి మాట పట్టేశారు. రంగనాథం పేరు వింటే నాకు రోత. దానశీలి దగ్గర ప్రతిసారీ ఉమ్మేస్తాను. అయినా చివరిదాకా పోనిస్తాను. మధ్యలో మీట ఆపను.